రెండొందల పన్నెండు

శనివారం తెల్లారకుండానే చెక్క పళ్ళేలు లెక్కపెట్టడం
నా పని.
రెండొందల పన్నెండు.
పిన్ని షెనెరోసాకి ఆ అంకె తెలుసు,
అయినా నా నోటితో వినాలి.
ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ తర్వాతే పొయ్యి.

రాగి కాగులో నీళ్ళు తెర్లుతుంటే
ఆక్టోపస్‌ని తలపట్టుకుని ముంచి తీస్తుంది,
ముంచి తీస్తుంది,
మూడోసారి ముంచి వదిలేస్తుంది.
"ముందు బెదరగొట్టాలే పిల్లా,
బెదిరితేనే తోలు ఒంటిని పట్టుకుని ఉంటుంది."
మాది గాలీసియాలో కొండలవైపు ఊరు.
ఇదే కాగులో పదివేల ఆక్టోపస్‌లు ఉడికించిన అమ్మమ్మ
సముద్రం చూడకుండానే పోయింది.

ఈ ఏడు పండగ కమిటీ టోకెన్లు పెట్టింది.
నీలంది మా దగ్గరికి, పసుపుది వైన్‌కి,
గులాబీ రంగుది దేనికో
అచ్చువేయించిన బల్బీనోకే గుర్తులేదు.
పన్నెండింటికి పీపా తెరుస్తారని రాశారు,
పదకొండుకే తెరిచారు. ఎవరూ తప్పుపట్టలేదు.

సాయంత్రం నగరం నుంచి వచ్చిన వంటగాడు
చెంచాలో ఇంత తెల్లటి నురగ పెట్టి
పిన్నికి రెండు చేతులా అందించాడు.
అదీ ఆక్టోపసేనట.
చప్పరించింది. కాసేపు ఆగింది.
"బావుంది బాబూ. మిగతాది ఎప్పుడు పెడతావు?"
మంచివాడే, పగలబడి నవ్వాడు.
మర్నాడు మా వరసలో నిలబడి రెండు పళ్ళేలు తిని
వేళ్ళకంటిన ఎర్ర నూనె రొట్టెముక్కతో తుడిచి
ఆ రొట్టె కూడా తిన్నాడు.

ఆదివారం వాన.
బల్లలన్నీ ఒకే టార్పాలిన్ కిందికి జరిపాం,
తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ మోచేతులు రాసుకుంటూ కూర్చున్నారు.
కచక్ కచక్ మని కత్తెర,
పైన కల్లుప్పు, పొగ వాసనేసే మిరపపొడి,
ధార కట్టిన ఆలివ్ నూనె.
తెల్ల పింగాణీ చిప్పల్లో వైన్ పోసుకుని
ఎవరి చిప్ప ఎవరిదో మర్చిపోయారు.
నోట్లో పుల్లతోనే ఒకాయన
పక్కావిడకి తన మోకాలి ఆపరేషన్ మొత్తం చెప్పాడు.
ఆవిడ వింటూ వింటూ
అతని పళ్ళెంలో లావుపాటి ముక్కలన్నీ ఏరుకు తింది.

రాత్రి మట్టి మూకుడులో సారా అంటించారు.
నీలంగా లేచింది మంట.
దయ్యాల్ని తరిమే మంత్రం మందులషాపు ఔరెలియోది.
సగంలో మర్చిపోయి
మిగతా సగానికి మా ఊరివాళ్ళ ఇంటిపేర్లు చదివేశాడు.
దయ్యాలు పోయే ఉంటాయి.

అందరూ వెళ్ళాక, తడి బల్లమీద మళ్ళీ నా లెక్క.
ఏటా మూడో నాలుగో తగ్గుతాయి.
పిన్ని తిట్టదు.
"ఎవరింటికో రొట్టె మోస్తుందిలే," అంటుంది.
ఈసారి
రెండొందల పదమూడు.
మళ్ళీ పెట్టాను. పదమూడే.

అది నల్లగా ఉంది, నడుమ అరిగి పల్చబడింది.
నిండా కత్తెర గాట్లు.
తిప్పి చూస్తే కత్తిమొనతో గీసిన మూడు గీతలు,
వాటిని కొడుతూ అడ్డంగా ఒకటి.
అమ్మమ్మ గుర్తు.
ఆమె పోయి ముప్పై ఒక్కేళ్ళు.

ఎవరు తెచ్చారు?
వానలో నిలబడే తిన్న గొడుగాయనా,
స్విట్జర్లాండ్ బస్సు దిగి
పెట్టె కాళ్ళదగ్గర పెట్టుకుని కూర్చున్నావిడా?
నేను ఒక్కొక్క ముఖాన్నీ వెతుక్కుంటుంటే
పిన్ని పళ్ళాన్ని ముక్కుదాకా తెచ్చి వాసన చూసింది.

కాగు అడుగున మిగిలిన ఒక్క కాలూ తీసి
దానిమీదే కత్తిరించింది.
ఉప్పు ఎక్కువేసింది.
నలభై ఏళ్ళలో ఎప్పుడూ వెయ్యలేదు.
ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం.

"పుస్తకంలో పన్నెండే రాయి," అంది.

వ్యాన్ మలుపు తిరిగినప్పుడల్లా
వెనక పళ్ళేలన్నీ టకటకలాడాయి.
అదొక్కటి ముందు సీట్లో
ఆమె ఒళ్ళో.