గంట నాలుక

మా క్లాసుల గంగమణికి
కాళ్ళ మీద నీళ్ళు పడితే పొలుసు లేస్తది.
ముందు చీలమండ కాడ ఒకటి, మెంతిగింజంత.
ఆనక పిక్కల మీద వరుస వరుస.
ఆఖరికి రెండు కాళ్ళూ ఒకదాన్నొకటి కావలిచ్చుకొని
తోకైతయి.
ఎండల ఆరబెడితే మళ్ళ కాళ్ళే.
అందుకే మొగులైతే షాహీన్ టీచర్
"గంగమణిని ఎత్తుకొని ఇంట్ల దింపి రాండ్రా" అంటది.

వాళ్ళ నాయిన కుర్మయ్య
సోమశిల రేవుల పుట్టి తిప్పుతడు.
అమ్మ నడి ఏట్ల ఉంటది.
పున్నానికి ఒడ్డుకొచ్చి బిడ్డ తల దువ్వి పోతది.
ఊర్లె ఇదేం వింత గాదు.
మా మామ దుబాయిల ఉంటడు,
దాన్నెవరన్న వింతగ చెప్పుకుంటరా?

కొత్త జొన్నలపాడు బడికి గంట లేదు.
ఒక రైలుపట్టా ముక్క ఉండె,
దాన్నెవడో పాతసామానోనికి అమ్మి పాలైసు తిన్నడు.
ఆ ఎవడో నేనే. ఖాజాను.
గంగమణికి ఒక్కదానికే చెప్పిన.

"పాత జొన్నలపాడు బడిల కంచుగంట ఉండెనంట.
నీళ్ళొచ్చిన నాడు తెచ్చుకునుడు మరిచిన్రంట" అన్నది.
"తప్పు నువ్వు చేసినవ్. ఈదుడు నేను ఈదుత."

ఐతారం పొద్దుగాల
పుట్టిల ఇద్దరం, సద్దరొట్టె, పల్లికారం.
అవతల నల్లమల ఇంకా లేవలేదు.
చెప్పులు నా చేతికిచ్చి
"తడవనియ్యకు, కొత్తయి" అని దుంకింది.

నేను వంద లెక్కపెట్టిన.
మళ్ళ వంద.
మూడో వందల లెక్క తప్పి ఏడుపొచ్చింది.

కింద ఏమైందో ఆమె చెప్పిందే నేను చెప్తున్న.

వీధులు వీధుల లెక్కనే ఉన్నయట.
తిరగలి రాయిల రొయ్యపిల్లలు నిద్రవోతున్నయట.
బడి తలుపు లేదు, బడి మాత్రం నడుస్తున్నది!
పరకలు ముందు బెంచీల,
జెల్లలు వెనక బెంచీల కొట్టుకుంట,
నల్లబల్ల కాడ మీసాల వాలుగ,
పెద్దసారు.

"ఆలస్యమెందుకైంది?" అన్నడు వాలుగ సారు.
"నేను మీ పిల్లను గాను."
"తోకున్నది గద!"
"ఇంటికాడ కాళ్ళున్నయి."
సారు మీసం గోక్కున్నడు.
"ఒక పిల్ల పేరు ఒక్క రిజిస్టర్లనే ఉండాలె. ఇది రూలు."
"అట్లైతే నా పేరును రెండు ముక్కలు చెయ్యి సారూ.
గంగ మీకు. మణి వాళ్ళకు."
జెల్లలు చప్పట్లు కొట్టినయట.
చేతుల్లేవు గద అంటే
"రెక్కలతోని కొట్టినయి, నడుమ అడ్డం రాకు" అన్నది.

గంట దగ్గరనే లొల్లి మొదలైంది.
"ఇస్తే నా పిల్లలు బడికెట్ల వస్తరు?"
"ఇయ్యకుంటే మా ఖాజా గాడు ముఖమెట్ల చూపిస్తడు?"
కొర్రమీను గుర్రుగుర్రు చూసింది.
బొచ్చె ఏడ్చింది. నీళ్ళల్ల ఏడిస్తే ఎవరికి తెలుస్తది!
గంగమణి గంట లోపలికి తల వెట్టి చాన సేపు చూసింది.
ఆనక దాని నాలుక ఊడదీసింది.
"గంట మీ కాడ ఉండనీ. నాలుక మా కాడ ఉంటది.
పొద్దున పొద్దున నేనే వచ్చి రెండూ కలుపుత."

సోమారం
ఏటి నడుమ నుంచి మోగింది.
ఖంగుమని గాదు,
కుండల ఎవరో నవ్వినట్టు.
బర్రెలు మేత ఆపినయి.
పుట్టీలు తెడ్డు లేకుండనే గిర్రున తిరిగినయి.
మా జేజి కట్టె కింద పడేసి
"అగో, మా బడి!" అన్నది.
ఆ దినం ఒక్కడు గూడ బడి ఎగ్గొట్టలేదు.

ఒక్క గంగమణే పావు గంట ఆలస్యం.
జడల నాచు, చంకల చెప్పులు,
ఇంకా సగం ఆరని కాళ్ళతోని కుంటుకుంట వచ్చింది.
"అందరు గంట ఇని వచ్చిన్రు, నీకేమైంది మణీ?"
అన్నది షాహీన్ టీచర్.

గంగమణి నా దిక్కు చూసింది.
నేను పాలైసు దిక్కు... అంటే, కిటికీ దిక్కు చూసిన.

ఇప్పుడు ఆ నాలుక రాత్రిళ్ళు నా మెత్త కింద ఉంటది.
చెవి ఆనిస్తే
లోపల ఎవరో హాజరు పిలుస్తుంటరు.
"గంగ" అన్న కాడ
జరంత ఆగుతరు.