కుడి వైపు తలుపు

వాల్విస్ బేలో వాన ఉండదు.
పొగమంచు ఉంటుంది. తెల్లారకముందే సముద్రం మీంచి
ఉప్పుమూట భుజానేసుకుని వస్తుంది.
మధ్యాహ్నానికి ఎడారి లేస్తుంది,
బండ్ల మూతుల మీద గరుకు కాగితంలా నడుస్తుంది.
ఈ రెంటి మధ్యా నా బతుకు:
రెండు బకెట్లు, ఒక డ్రమ్ము, నాలుగు మెత్తటి గుడ్డలు.

ఒక బకెట్లో సబ్బునీళ్ళు.
రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. చేతి తొడుగు ప్రతిసారీ
ముందు అక్కడ మునిగి, మోసుకొచ్చిన ఇసుక కక్కి రావాలి.
"అడుగున చేరింది చూడు,
అదంతా రంగు మీద గీతయ్యుండేది"
అనేవాడు నాకు పని నేర్పిన గావోసెబ్.
కింద పడిన గుడ్డ ఆయనకి చచ్చిన గుడ్డ.
ఒకసారి దులిపి వాడబోయాను,
ఆ పూట కూలి కోసేశాడు.

ఇంకో మాట కూడా అనేవాడు:
రంగు మందం వెంట్రుకంత, పాలిష్ అంటే అందులోంచి ఖర్చు,
మైనం అంటే దాచుకోవడం.
ఖర్చు పెట్టేముందు రెండుసార్లు చూడు.

నేను ఒకసారే చూశాను.

కౌనా తెచ్చిన నీలం వ్యాను అది,
జపాన్ నుంచి ఓడలో దిగిన పాత బండి. టాక్సీ తిప్పుతుందట.
పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి కడిగాను,
చక్రాలు చివర.
ప్లాస్టిక్ సంచిలో చెయ్యి దూర్చి తలుపు తడిమితే
ఇంకా గరగరమంది.
బంకముద్ద తడిపి, అరచెయ్యంత మేర, అరచెయ్యంత మేర
లాగుతూ పోయాను. నీలం ముద్ద నల్లబడింది,
తలుపు చేప కడుపులా జారింది.

అప్పుడు పొగమంచు విడిపోయి
ఏటవాలు ఎండ పడింది.
ఎడమ తలుపు మీద అక్షరాలు.
రాసినవి కావు. ఎప్పుడో అంటించి పీకేసినవి.
చుట్టూ ఉన్న నీలం ఎండకి వెలిసిపోతే
వాటి కింది నీలం మాత్రం వెలవకుండా ఉండిపోయింది.
"ఇవేంటి, ఎక్కేవాళ్ళంతా అడుగుతారు, తీసెయ్" అంది కౌనా.
తీసేశాను.
మిషను తిరిగింది, తెల్లటి పాలు చిమ్మింది,
ఒక్కో అక్షరం తుడుచుకుపోతుంటే
పని బాగా సాగుతోందనుకున్నాను.

ట్యూనా పడవ ఇంజను మెకానిక్ ఒకడు
అటుగా సిగరెట్ల కోసం వెళ్తూ ఆగాడు.
మిగిలిన నాలుగు గుర్తుల మీద వేలు ఆనించకుండా తిప్పాడు.
బట్టలు ఉతుకుతున్నట్టు చేతులు రుద్ది చూపించాడు.
"లాండ్రీ" అన్నాడు.
తర్వాత నేను తుడిచేసిన చోటు చూసి
"పేరు?" అన్నాడు.
చేతిలో గుడ్డ ఉంది. దాన్ని వెనక్కి దాచాను,
ఎందుకో.

వాడే చుట్టూ తిరిగి కుడి వైపుకి వెళ్ళాడు.
అక్కడ అంతా ఉంది.
"ఇసోబె" చదివాడు. "ఇసోబె లాండ్రీ."
వాడికీ ఆ ఇసోబె ఎవరో తెలీదు.
సిగరెట్ల కోసం వెళ్ళిపోయాడు.

ఎవరో ఇసోబె. ఈ తలుపు జరిపి
ఇస్త్రీ చొక్కాలు ఎన్ని ఇళ్ళకి దింపి ఉంటాడో.
మరకలు పోగొట్టడమే పనిగా బతికినవాడు
చివరికి తనే మరకై
ఇంత దూరం వచ్చి మరో ఉతికేవాడి చేతికి చిక్కాడు.

కుడి వైపు మిషను పెట్టలేదు.
పలచగా మైనం రాశాను, వేలి చుట్టూ గుడ్డ చుట్టి,
అక్షరాల మీద, అక్షరాల మధ్య,
ఆరేదాకా ఆగి, తేలిగ్గా తుడిచాను.
నీలం మీద నీలం ఇంకా ముదిరింది.

కౌనా చూసి నడుం మీద చేతులు పెట్టింది.
"సగం పనికి పూర్తి డబ్బులా?"
"ఎక్కేవాళ్ళు ఎడమ తలుపులోంచే కదా ఎక్కేది" అన్నాను.
ఆ జవాబు నాకే నచ్చలేదు, ఆమెకి అసలు నచ్చలేదు.
ఐనా తాళాలు తీసుకుంది.

ఇక్కడి గాలికి మైనం మూడు నెలలు ఆగితే గొప్ప.
పొగమంచు చేపకళ్ళలా గుండ్రంగా నిలిచినంత కాలం పర్లేదు,
చుక్కలు చదునై పాకడం మొదలెడితే
ఆ వ్యాను మళ్ళీ నా ముందుంటుంది.
"ఈసారైనా ఆ వైపు తీస్తావా" అంటుంది కౌనా, దిగకుండానే.
బకెట్లు నింపుతూ వినపడనట్టుంటాను.
ఎడమ వైపుకి డబ్బు తీసుకుంటాను.
కుడి వైపుకి తీసుకోను.