జిప్పు కనబడాలి

డులూత్‌లో మైనస్ ఇరవై రెండు.
నెత్తురు గడ్డకట్టింది.
మొక్కజొన్న పానకంలో ఎర్రరంగు కలిపి
పొద్దున్నే నేను కాచిన నెత్తురు.
మళ్లీ కరిగించి కాఫీ ఫ్లాస్కులో పోసి దాచాం.
పోలీసు వేషంలో ఉన్న టాయివో
చూసుకోకుండా ఒక గుక్క తాగి
"చక్కెర ఎక్కువైంది" అన్నాడు.
ఏమోస్ కెమెరా ఆపలేదు.
ఆ ముక్క సినిమాలో ఉంది.

ఏమోస్ రాంటాలా
అర్ధరాత్రి నుంచి ఎనిమిది దాకా
మునిసిపాలిటీ బండితో వీధుల్లో మంచు తోస్తాడు.
మిగతా గంటల్లో దయ్యాలను తీస్తాడు.
మరి నిద్రెప్పుడంటే
"ఎడిటింగులో" అంటాడు.

ఇది ఆరోది. కథ చిన్నది.
సుపీరియర్ సరస్సు అడుగునుంచి
ఒక రాక్షసి లేస్తుంది,
చలికి తాళలేక ఇంటింటి తలుపూ కొడుతుంది.
తీసినవాళ్లు దాన్ని చూసి గుండాగి చస్తారు.
తీయనివాళ్ల గుమ్మంలో
అది తుమ్ముతూ కూర్చుంటుంది.

ఒంటికి పాత కార్పెట్టు,
పొలుసులకు గుడ్ల అట్టలు,
కళ్లకు సైకిలు రిఫ్లెక్టర్లు.
లోపల వెర్నా.
చేపలు పొగబెట్టి అమ్ముతుంది, అరవై ఒకటి, మోకాళ్ల నొప్పులు.
రాక్షసికి మాటల్లేవని ఎంత చెప్పినా
రెండు డైలాగులు తనే రాసుకొచ్చి
టేకు టేకుకీ మర్చిపోయేది.

పిండి కొద్దీ రొట్టె.
మా పిండి మొత్తం పదకొండొందల డాలర్లు,
అందులో మూడొందలు పిజ్జాకే పోయింది.

వీడియో కొట్టు మూసేసిన రోజున
అక్కడ ఎవరికీ అక్కర్లేని టేపులన్నీ
నలభై డాలర్లకు ఎత్తుకొచ్చాడు, అల్మారాతో సహా.
గురువారాలు వాళ్ల సెల్లార్లో మాకవే పాఠాలు.
గాలికి దొర్లిపోయే బండరాళ్లు.
చచ్చి పడి, ఊపిరి తీస్తూ, ఈగ వాలితే ముక్కు విదిల్చే శవం.
మూడు వేల ఏళ్ల మమ్మీ చేతికి గడియారం!
అక్కడ టేపు ఆపుతాడు.
మేం పడీపడీ నవ్వుతాం.
అతను తెరకు ముక్కు ఆనించి చూస్తాడు:
"నాలుగుంపావు అయింది.
పాపం, ఇంకా భోజనం పెట్టినట్టు లేరు."

ఒకసారి అడిగేశాను,
మంచి సినిమాలు చూడొచ్చుగా అని.
కోపం రాలేదు. పాప్‌కార్న్ గిన్నె నా వైపు జరిపి
"వాటిల్లో రాక్షసుల లోపల
ఎవరూ ఉండరు" అన్నాడు.

నాకది ఎక్కలేదు.
ఆ వారమే, వెర్నా వీపు మీద మెరిసే జిప్పుకు
పైన కార్పెట్టు ముక్క అడ్డంపెట్టి
రాత్రంతా కూర్చుని కుట్టాను, వేళ్లు పొడుచుకుంటూ.
పొద్దున అతను డ్యూటీ దిగి నేరుగా వచ్చి
మంచు బూట్లు విప్పకుండానే
నా కుట్లన్నీ పళ్లతో కొరికి ఊడదీశాడు.
"జిప్పు కనబడాలి."
ఎందుకు?
"లేకపోతే వెర్నా ఎలా బయటికొస్తుంది?"

బౌలింగ్ క్లబ్బు వెనక హాల్లో మొదటి ఆట.
నలభై కుర్చీలు, ముప్ఫై ఒక్కమంది, ఒక కుక్క.
పదిహేడో నిమిషంలో
తెర పై మూలనుంచి
మైకు కర్ర, దాన్ని పట్టుకున్న ఎర్ర చేతితొడుగు,
బొటనవేలి దగ్గర చిల్లు.
నాదే ఆ చెయ్యి.
తీసెయ్యమని కాళ్లావేళ్లా పడ్డాను కదా!
కుర్చీలోకి ఇంకా కిందికి జారుతుంటే
ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు,
చెయ్యికే.

ఏమోస్ సగంలో లేచాడు. డ్యూటీ టైమైంది,
బయట మంచు పడుతోంది.
కాసేపటికి కిటికీ అద్దాల మీద
పసుపు దీపం గిర్రున తిరుగుతూ
అతని బండి దాటిపోయింది.

తెర మీద రాక్షసి
తలుపు తీయని ఇంటి మెట్ల మీద కూర్చుని
మళ్లీ తుమ్మింది.
చీకట్లో ఒక ముసలి గొంతు, అలవాటు కొద్దీ,
"చల్లగా ఉండమ్మా" అంది.

అది ఇంకాస్త వణికింది.