నూట నలభై ఏడో పేజీ

శీతకాలం ముదిరాక
పుస్తకాల పడవ రేవు చేరి
ఈనిన ఆవులా పక్కకు ఒరిగి పడుకుంటుంది.
అప్పుడు మొదలవుతుంది నా పని.

నార్వే పడమటి తీరంలో
రోడ్డు వెళ్లని పల్లెలూ, పది గడపల దీవులూ తిరిగి
వచ్చిన పుస్తకాలు నా బల్ల మీద కుప్ప పోస్తారు.
విరిగిన వెన్నులు, ఊడిన అట్టలు.
జిగురు, నారదారం, ఎముకతో చేసిన మడత కత్తి:
ఇరవై రెండేళ్లుగా ఇదే నా వైద్యం.

చాలాకాలం నేను ఒక్కటీ చదవలేదు.
నవ్వకండి.
మిఠాయి వండేవాడికి తీపి మొహం మొత్తుతుంది.
నేను చదివింది, చదివినవాళ్లని.

మూడో అధ్యాయంలో చేప పొలుసు మెరిస్తే
టోర్గున్ కత్తి పక్కన పెట్టలేదు, కథా ఆపలేదని.
పేజీ అంచున నల్లటి బొటనవేలు:
ఇంజను గదిలో ఎవరో ఓ పావుగంట దొంగిలించారని.
హంతకుడెవరో తేలకముందే పెన్సిల్‌తో
‘నాకు తెలిసిపోయింది!’ అని గీకినవాడికి
పదేళ్లుంటాయి, అక్షరాలే చెబుతాయి.
పాపం, వాడు అనుకున్నది తప్పు.

ఒక నవల ఉంది. లావుపాటిది, ఆకుపచ్చ అట్ట.
నూట నలభై ఏడో పేజీ ఎప్పుడూ ఉబ్బి వచ్చేది.
మిగతావన్నీ కుదురు, అదొక్కటే
తడి ఇసుక మీద అలల జాడలా.
మొదటిసారి వాన అనుకున్నాను.
వాన ఒక్క పేజీ మీదే కురవదు కదా.

తడి అద్ది, బరువు పెట్టి, సాపు చేశాను.
మళ్లీ వచ్చింది. మళ్లీ చేశాను.
మూడో ఏడు, కార్డు తీసి పేర్లు చూశాను.
హాల్డిస్, బడిలో వంటావిడ.
తొంభై దాటిన గున్‌వోర్, భూతద్దంతో చదివే మనిషి.
ఒడ్‌వార్,
పెళ్లాం పోయిన మర్నాడు కూడా వలలు సర్దుకున్నవాడు.
ఎవరికి ఎవరూ చెప్పుకోలేదు.
ఒకే వాక్యం కింద
తలా కాస్త ఉప్పు వదిలి వెళ్లారు.

ఆ రాత్రి దీపం దగ్గరికి లాక్కుని చదివాను.
పెద్దగా ఏమీ లేదు అందులో.
నీళ్లలో పోయిన తమ్ముడి చొక్కా ఉతికి
ఓ అన్న దండెం మీద ఆరేస్తాడు.
గాలికి ఎగిరిపోకుండా
గుండీలన్నీ పెడతాడు, మెడ దాకా.
అంతే.
తర్వాతి పేరాలో బంగాళాదుంపలు ఉడుకుతుంటాయి.

నాకు తమ్ముడు లేడు.
ఎవరి చొక్కా నేనలా ఆరేయలేదు.
అయినా చేతులు నా మాట వినలేదు.
మా అమ్మ ఉన్ని కోటుని ఉండ చుట్టి
దానాల సంచిలో కుక్కిన చేతులు అవి.
పన్నెండేళ్ల తర్వాత
ఎవరో కల్పించిన గుండీల దగ్గర
వాటికి సిగ్గు తెలిసింది.
పుట్టని మనిషి కోసం ఏడుస్తున్నాననుకున్నాను.
నీరు పల్లమెరుగు.
ఎన్నాళ్లు కట్ట వేసినా అది తన దారి చూసుకుంది.

కిందటి వసంతంలో ఒడ్‌వార్
గడువు దాటాక తెచ్చాడట పుస్తకం.
పడవ ఎక్కకుండా గట్టునే నిలబడి
టోపీ చేతుల్లో తిప్పుతూ
లైబ్రరీ అమ్మాయిని అడిగాడట:
“దీనికి ఇంకో ప్రతి ఉందా?
అందులో ఆ కుర్రాడు బతుకుతాడా?”

ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ చెబుతుంటే
నేను తల దించుకుని జిగురు కలుపుతూ ఉండిపోయాను.
మూడుసార్లు చదివాను మరి,
ప్రతిసారీ నూట నలభై ఆరు దాకా
ఆశ చావదు.

ఈ ఏడూ వచ్చింది ఆకుపచ్చ అట్ట.
వెన్ను కుట్టాను. మూలలకి కొత్త గుడ్డ అంటించాను.
ఆ పేజీ జోలికి పోలేదు.
వేలు ఆనిస్తే చిన్న చిన్న మిట్టలు,
చీకట్లోనూ చదవొచ్చు.
కార్డు మీద అందరి కిందా నా పేరు రాసుకున్నాను,
కాస్త వంకరగా.

బయట పడవకి తారు పూస్తున్నారు.
ఇంకో ఆరు వారాలు.
టోర్గున్ పేరు ఈ కార్డు మీద ఇంకా లేదు.