అర బ్లేడు

కొండమీద నా పని తలలు.
టోకెనుతో పాటు అర బ్లేడు ఇస్తారు,
తడిపిన తల ముందుకు వంగుతుంది,
నాలుగు నిమిషాలు.
కలెక్టరైనా కూలోడైనా నీళ్లు కారే నున్నటి గుండే.
పదహారేళ్లుగా తలల్ని బయటినుంచే చూసినోణ్ని.

లోపలేముందో చూడమన్నది మా దీపిక.

దానికి ఆరేళ్లు. కొర్లగుంట ఇంట్లో
నేను డ్యూటీ దిగొచ్చి కాళ్లు కడుక్కుంటా వుంటే:
"నాయనా, బ్లేడు సగం చేస్తారు కదా,
ఆ సగాన్ని సగం చేస్తే?
దాన్ని మళ్లా?
ఆఖరి ముక్క ఎవురికిస్తారు?"
ఆఖరి ముక్కే వుండదని రాత్రికి దానికే తోచింది.
దుప్పట్లో కూచోని ఏడ్చింది.
కడుపునొప్పేమో అని వాళ్లమ్మ వాము నీళ్లు పట్టింది.

బళ్లో మాత్రం మొద్దంట.
రెండో ఎక్కం పదిసార్లు రాయమంటే
ఒకసారి రాసి, కిటికీలోంచి
బస్సుల నంబర్లు చూస్తా కూచుంటుంది,
ఏ నంబరు దేంతోనూ తెగదో ఏరుకుంటా.
వాటికి అదే పేరు పెట్టింది: మొండి నంబర్లు.
రిబ్బను ముడి రాదు.
కుడి చెప్పు ఎడమ కాలికి.
తోటి పిల్లోళ్లు "ముసిలమ్మా" అని పిలిస్తే
ఇంటికొచ్చి నా పాత చొక్కాలో మొహం దాచుకుంటుంది.
టీచరమ్మ కాగితమ్మీద రాసి పంపింది:
"ధ్యాస లేదు."

ఆ కాగితం పట్టుకోని పెద్దాసుపత్రికి పోయినాం.
డాక్టరమ్మది బంగారుపాళెం పక్క, మామిడితోపులోళ్లు.
దీపికతో గంటసేపు చెక్కముక్కలాట ఆడింది,
ఓడిపోయింది, నవ్వింది.
తర్వాత నాకు చెప్పింది:
"ధ్యాస లేక కాదు, ఎక్కువై.
పసిమెదడు ఎన్నెన్నో దారులు వేసుకుంటుంది,
వాన పడినాక తోపులో కొత్త రెమ్మలొచ్చినట్టు.
వాడిన దారి నిలబడుతుంది.
వాడనిదాన్ని అదే కోసేస్తుంది.
కొందరు పిల్లోళ్లలో ఆ గుబురు ఇంకా కొన్నేళ్లు పెరుగుతుందనీ
కోత ఆలస్యంగా మొదులవుతుందనీ
కొన్ని పరిశోధనల్లో చూసినారు.
మీ పాప బుద్ధి పన్నెండేళ్లది, వేళ్లు ఆరేళ్లవే,
ఏడుపు నాలుగేళ్లది.
ముగ్గుర్నీ సాకాల మీరు."

"కోసేదెవురు తల్లీ?" అన్నా.
"ఎవురూ లేరు. అదే."
నాకు నవ్వొచ్చింది.
పుర్రె లోపల కూడా మావోడే ఒకడు కూచోనుండాడు,
జీతం లేకుండా.

పోయిన నెల టై కట్టినాయన ఒకాయన ఇంటికొచ్చినాడు.
ఫీజు వద్దంట, పుస్తకాలు వాళ్లవేనంట,
నాలుగుకాళ్ల మండపం కాడ ఫ్లెక్సీలో
దీని ఫోటో నిలువెత్తు వేస్తారంట,
ఏడేళ్లకే ఐదో తరగతంట.
సుగుణ నా మొహం చూసింది.
అది బాడుగ కట్టని నెల.
ఆయన కాఫీ చల్లారిపోయింది.
"సార్, మేము పసిబిడ్డల పుట్టెంటికలు తీసేవోళ్లం," అన్నా.
"మాడు కాడికొచ్చేసరికి చెయ్యి దానంతట అదే తేలిపోతుంది.
ఆడ వత్తకూడదు."
అర్థమయిందో లేదో. కార్డు పెట్టిపోయినాడు.
అబద్ధమెందుకు, కార్డు ఇంకా అద్దం ఎనకే వుండాది.

రోజూ రాత్రి అడుగుతుంది:
"ఈరోజు ఎన్ని తలలు?"
"నూటమూడు."
"మొండిదే!" అని ఎగురుతుంది.
నాకు తెలీనివి అడిగితే ముందు కసురుకునేవోణ్ని.
ఇప్పుడు "తెలీదు పాపా" అంటా.
ఆ మాట పలికేదానికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు పట్టింది.
అన్నప్పుడల్లా అది రొంత దగ్గరికి జరుగుతుంది,
ఎందుకో.

నిన్న అడిగింది,
"కోసిన ఎంటికకి మళ్లా యాడ మొలవాలో ఎట్ల తెలుసు నాయనా?"
"తెలీదు."
"చూద్దామా?"
టార్చి తెచ్చి నా తలమీద వేసి
ఒక్కో కుదురూ లెక్కబెట్టింది.
పదహారేళ్లకి నా తల ఇంకొకరి చేతుల్లో వంగింది.
రెండొందల పదకొండు కాడ నిద్దరపోయింది,
ఊడిన రిబ్బను పిడికిట్లోనే.

రెండొందల పదకొండు.
మొండిదో కాదో నాకు తెలీదు.
పొద్దున్నే అడగాల.