రంగు ముందు, బట్ట ఎనక

రాత్రి తొమ్మిది. పుట్టపాకల కరెంటు ఉన్నది.
లహరి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి
నా చిటికి చట్రం అంచు మీద బోర్లించి
"నాయినా, అడ్జెక్టివ్ నాకు ఎక్కుతలేదు" అన్నది.

పదోతరగతి ఇంగ్లీషు రెండుసార్లు తప్పినోన్ని.
చేతిల సైకిల్ ట్యూబు పీలికలు,
ముందర తెల్లటి పట్టు పోగులు.
ఇంకేం చెప్పాలె, ఉన్నదే చూపెట్టిన.

ఇగో, ఇది దారం. ఒట్టి నామవాచకం.
గీడ కట్టిన, గీడ ఇడిసిపెట్టిన.
రేపు ఎరుపుల ముంచుత.
బట్ట ఇంకా పుట్టలేదు బిడ్డా,
మగ్గం ఎక్కనే లేదు,
రంగు మాత్రం ముందే వచ్చి కూసున్నది.
రెడ్ శారీ.
అంతే.

"మరి ద శారీ ఈజ్ రెడ్ అంటే?"
అది నేసినంక అద్దకం.
చీర ముందు నిలబడ్డది, రంగు తర్వాత అంటుకున్నది.
నడుమ ఆ చిన్న ఈజ్ ఉన్నది చూడు,
అదే రంగుబాన.

నవ్వింది. మళ్ల మొహం ముడిచింది.
జహంగీర్ సారు వరుస కూడ చెప్పిండంట:
బాగుందో లేదో మొదలు, ఆనక సైజు, వయసు,
రంగు, ఊరు, ఆఖరికి దేంతోటి చేసిండ్రో.
బ్యూటిఫుల్ ఓల్డ్ రెడ్ సిల్క్ శారీ అనాలె గని
సిల్క్ రెడ్ ఓల్డ్ అంటే మార్కు పోతదంట.
పోదా మరి?
నాలుగు పోగులు జరిగితే నా డిజైన్ల
ఏనుగు తొండం తోక కాడికి పోదా?

ఆసు కాడి నుంచి అనసూయ, చెయ్యి ఆపకుంట:
"మొన్న సేటు డల్లు అన్నడు గద.
అది గూడ అడ్జెక్టివేనా?"

అవును.
ఆ ఒక్క ముక్కకు ఎనిమిది వందలు కోసిండు.
అదే చీర షోరూముకు పోయి
అంచు పోగు లేసిందని మళ్ల నా కాడికే వచ్చింది,
అట్టముక్క ఇంకా ఏలాడుతనే ఉన్నది:
ప్యూర్. రేర్. ఎలిగెంట్. హ్యాండ్‌మేడ్.
ఒక్కో మాటకు రెండేలు.

లహరి పెన్సిలుతోటి నాలుగిటి కింద గీతలు గీసింది.
"హ్యాండ్‌మేడ్ అంటే చేత్తో చేసింది గద నాయినా,
ఎవరి చెయ్యో రాయలేదేంది?"

ఏం చెప్తం.
పేజీ తిప్పింది. ఖాళీలు పూరించుము.
మై మదర్ ఈజ్ ఎ డాష్ ఉమన్.
ఆసు మీద అనసూయ చెయ్యి పోతున్నది, వస్తున్నది,
పొద్దుగాల నుంచి ఎన్నివేల సార్లో.
టైర్డ్ అని రాసింది లహరి.
తల్లి దిక్కు చూసి, చెరిపింది.

నేను ఇంకో పీలిక తీసి బిగించిన.
కట్టిన కాడ రంగు ఎక్కదు,
తెల్లగనే ఉంటది.