సున్నా పాయింట్ ఏడు

గురువారం రాత్రి, ఫహాహీల్.
ఏసీ కింది బకెట్లో చుక్క చుక్కా పడుతోంది.
మస్తాన్ వలీ అప్పుడే గురక మొదలెట్టాడు.
ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని
కంపెనీ పంపిన కాగితం మళ్ళీ చదివాను:
ఇకపై పది షేర్లకు ఒకటే.

నా దగ్గరున్నవి నూట ముప్పై ఏడు.
ముందు తోచినట్టు కొట్టాను, మిగిలినవి పదమూడని.
తాడు తెగిన చేదలా గ్రాఫ్ అడుక్కి పోయింది.
నూట ఇరవై నాలుగు షేర్లు ఎక్కడ తగలేశావని
ఎర్రక్షరాల్తో నిలదీసింది సాఫ్ట్‌వేర్.
తగలెయ్యలేదమ్మా,
చిల్లరిచ్చి నోటు తీసుకున్నా, అంతే.

చెరిపేసి, స్ప్లిట్ అనే గడి వెతికి
పదికి ఒకటి అని రాస్తే
ఉదారంగా పద్నాలుగు అంది.
సెట్టింగుల్లో దశాంశాలు తెరిచాక ఒప్పుకుంది:
పదమూడు పాయింట్ ఏడు.

ముక్క షేరును కంపెనీ మన దగ్గర ఉంచదు.
దాని బదులు ఆరువందల ముప్పై ఫిల్సు
మంగళవారమే ఖాతాలో పడింది.
అమ్మకంగా రాయాలి.
కొన్నది పద్నాలుగు వందల డెబ్భైకి,
నష్టం ఎనిమిది వందల నలభై.
ఈ దేశపు దినారుకు మూడు దశాంశాలు,
ఎంత చిన్న నష్టానికైనా చోటుంటుంది.

అప్పుడు గుర్తొచ్చాడు ఓబులేసు.
రెండేళ్ళ కింద, ఇదే మంచం మీద,
నేను నూట ముప్పై కొంటుంటే భుజం మీంచి తొంగిచూసి
ఒకటిన్నర దినారు చేతిలో కుక్కి,
"నా పేర్న గూడా ఓ ఏడు ఎయ్యన్నా,
మనకూ ఓ కంపెనీ ఉండాదని ఇంట్లో చెప్పుకుంటా"
అన్నాడు. మిగిలిన ముప్పై ఫిల్సు ఇస్తే తీసుకోలేదు.

కఫీల్ మారి వఫ్రా టమాటా తోటలకు పోయాడు.
ఫోనెత్తి ఎన్నాళ్ళయిందో.

షేర్ల మీద పేర్లుండవు,
భాగహారానికి మొహమాటం ఉండదు.
నా నూట ముప్పై చక్కగా పదమూడై కూచున్నాయి.
వాడి ఏడే విరిగింది.

బాకీలు అన్నచోట కొత్త ఖాతా తెరిచాను.
పేరు: ఓబులేసు.
మొత్తం దగ్గర వేలు ఆగింది.
ఆరువందల ముప్పైయేనా?
కొనమని నేను చెప్పలేదు, నిజమే.
పెరుగుతుందని మాత్రం నేనే అన్నాను.

ఒకటి పాయింట్ అయిదు సున్నా సున్నా,
చిల్లరతో సహా.

నా ఆస్తి ఆ మేరకు తగ్గినట్టు చూపించింది.
లేచి బకెట్ పారబోసి వచ్చాను.